ఇంటి వెనక కొట్టంలో కట్టెల భట్టీ: నేల కింద థర్మాకోల్ వేయాలా?

సూటిగా జవాబు ముందే చెప్పేస్తాను. నేల కాంక్రీటు కింద థర్మాకోల్ వద్దు. భట్టీకి ఇన్సులేషన్, అంటే వేడి జారిపోకుండా ఆపే పొర కావాలి, తప్పకుండా కావాలి. కానీ దాని చోటు నిప్పుకు దగ్గరగా, రొట్టెలు పెట్టే ఇటుకలకు సరిగ్గా కింద. అక్కడి నుంచి కిందికి పోయేకొద్దీ చూసుకోవాల్సింది నీళ్ల సంగతి. మీ సుతారి (తాపీ మేస్త్రీ) బరువు గురించి భయపడుతున్నాడు, మీరు వేడి గురించి భయపడుతున్నారు. పెరట్లో ఉన్న మట్టి గురించి మాత్రం ఇద్దరూ మాట్లాడుకున్నట్టు లేదు.

మిగతావాళ్ల కోసం ప్రశ్న క్లుప్తంగా: హన్మకొండలో ఇంటి వెనక 12 అడుగులకు 16 అడుగుల పాత కొట్టం ఉంది. పైన సిమెంటు రేకులు, కింద మట్టి మీద పరిచిన షాబాద్ బండలు. అందులో బయటి కొలత 6 అడుగులకు 7 అడుగులు ఉండే కట్టెల భట్టీ కట్టి బన్ను, బిస్కెట్, రొట్టె చేద్దామని ఈ ప్రశ్న అడిగిన తమ్ముడి ఆలోచన. ఒక విదేశీ వీడియోలో షెడ్డు నేల కింద నీలం రంగు ఫోమ్ పలకలు పరిచి, పైన కాంక్రీటు పోసి, దాని మీద బరువైన బాయిలర్ పెట్టడం చూశాడు. ఇక్కడా అలాగే థర్మాకోల్ వేయొచ్చా, అది బరువు ఆపుతుందా, బండల మీదే కట్టేస్తే ఏమవుతుంది, సుతారి చెప్పినట్టు గుంత తీసి ఇసుక నింపితే చాలా అని అడుగుతున్నాడు. మే నెలలో పెరట్లో నెర్రెలు వస్తాయని చివర్లో ఒక ముక్క రాశాడు. అసలు విషయం ఆ ముక్కలోనే ఉంది. అక్కడికి తర్వాత వస్తాను.

నేను కరీంనగర్, పెద్దపల్లి వైపు రైస్ మిల్లుల బాయిలర్ పునాదులు, మధ్య మధ్యలో బేకరీ భట్టీలు చేయించినవాణ్ని. అందుకే పెద్ద జవాబే రాస్తున్నాను, ఓపికగా చదవండి.

ఆ వీడియోలో చెప్పింది తప్పు కాదు, వాళ్ల ఊరికి అదే సరి. అక్కడ చలికాలంలో నేల గడ్డకడుతుంది. షెడ్డులో బాయిలరో వేడినీళ్ల ట్యాంకో పెట్టుకుని గది మొత్తాన్ని వెచ్చగా ఉంచుకుంటారు. ఆ వెచ్చదనం కిందికి జారిపోకుండా కాంక్రీటు కింద ఎక్స్‌పీఎస్ అనే గట్టి ఫోమ్ పరుస్తారు. అక్కడ నీళ్ల వేడి 60 నుంచి 80 డిగ్రీలు, అదీ ట్యాంకు లోపల. ఫోమ్ దాకా చేరేసరికి అందులో మిగిలేది ఏమీ ఉండదు. మన దగ్గర కొన్ని మీటర్ల లోతుకు పోతే మట్టి ఏడాది పొడుగునా 27, 28 డిగ్రీల దగ్గరే ఉంటుంది. మే నెలలో బయట 44 ఉన్నప్పుడు మీ కాళ్ల కింద కాస్త చల్లగా తగిలేది ఆ నేలే. దానికీ మీకూ మధ్య ఫోమ్ వేసుకుంటే ఆ చల్లదనం కూడా పోతుంది. కొట్టంలో పిండి పిసికే మనిషికి అది ఉపకారం కాదు.

ఫోమ్ బరువు ఆపుతుందా అన్నదానికి: మంచి రకం ఎక్స్‌పీఎస్ ఆపుతుంది. 300 కిలోపాస్కల్ రకమంటే చదరపు మీటరు మీద దాదాపు 30 టన్నులు పెడితే పలక తన మందంలో పదో వంతు నలుగుతుందని అర్థం. ఏళ్ల తరబడి మీద కూర్చునే బరువుకైతే ఆ 30 టన్నుల్లో మూడో వంతు కంటే ఎక్కువ లెక్కలోకి తీసుకోకూడదు. అయినా మీ భట్టీకి అది సరిపోయేదే. కానీ వేడి దగ్గర ఆ పలక పనికి రాదు. 75 డిగ్రీలు దాటితే మెత్తబడుతుంది. ఇక మన షాపుల్లో టీవీ డబ్బాల్లో వచ్చే రకం థర్మాకోల్ బలంలో దాని దరిదాపుల్లోకి కూడా రాదు.

పరకాల వైపు ఒక బేకరీలో భట్టీ మూతి దగ్గర కుంగిందని పిలిస్తే వెళ్లాను. కింద అరుగు లేకుండా నేలకు దగ్గరగా కట్టిన భట్టీ అది. నాలుగంగుళాల కాంక్రీటు, దాని కింద రెండంగుళాల థర్మాకోల్ వేశామన్నారు. మూతి దగ్గర కాంక్రీటు పగలగొట్టించి చూస్తే, థర్మాకోల్ ఉండాల్సిన చోట ముడతలు పడ్డ గోధుమరంగు పొర ఉంది, అగ్గిపుల్ల మందం కూడా లేదు. కాంక్రీటు కింద చెయ్యి పట్టేంత ఖాళీ. వెనక వైపు, నిప్పు తక్కువ తగిలే చోట, థర్మాకోల్ మాత్రం వేసింది వేసినట్టే తెల్లగా ఉంది. అందుకే భట్టీ మొత్తం కుంగకుండా మూతి వైపు ఒరిగి, కమాను నడిమిట్ల చీలింది. మీరు కింద ఖాళీ వదిలి అరుగు కట్టుకుంటున్నారు కాబట్టి మీ థర్మాకోల్ అలా కరగకపోవచ్చు. కరగకపోయినా దాని వల్ల లాభం సున్నా, పైగా చీమలకూ ఎలుకలకూ ఇల్లు కట్టించినవాళ్లవుతారు.

ఇప్పుడు బరువు. మీరు రాసిన కొలతలతో లెక్క వేశాను. అరుగు గోడలు, స్లాబు, ఫైర్ బ్రిక్ (నిప్పును తట్టుకునే ఇటుక), చుట్టు గోడలు, కమాను, పొగగొట్టం అన్నీ కలిపితే ఇంచుమించు 8 టన్నులు. వినడానికి భయంగా ఉంటుంది. కానీ అది 42 చదరపు అడుగుల మీద పరుచుకుంటే చదరపు మీటరుకు రెండు టన్నులే. మనిషి నిలబడితే పాదాల కింద పడే ఒత్తిడి కూడా దాదాపు అంతే. చెల్క నేల అయితే దీన్ని లెక్కే చేయదు. నేల కుంగడమన్నది బరువు వల్ల అరుదుగా జరుగుతుంది. ఒక పక్క మట్టి తడిసి ఉబ్బి, ఇంకో పక్క ఎండి ముడుచుకుపోవడం వల్లే ఎక్కువగా జరుగుతుంది. ఇటుక భట్టీ ఏకంగా లేచినా ఏకంగా దిగినా తట్టుకుంటుంది, ఒక మూల మాత్రమే కదిలితే తట్టుకోలేదు.

నెర్రెల సంగతి. హన్మకొండ, వరంగల్ చుట్టుపక్కల ఒకే ఊళ్లో ఒక కాలనీ గుండ్ల మీద, ఒక కాలనీ ఎర్ర చెల్కలో, ఇంకోటి నల్లరేగడిలో ఉంటుంది. చెరువు శిఖం భూములు ప్లాట్లయిన చోట్ల నల్లమట్టి గ్యారంటీ. మే నెలలో మీ పెరట్లో నెర్రె ఎంత లోతుందో సలాక దించి చూడండి. మోచేతి దాకా దిగితే అది రేగడే, వేరే అనుమానం పెట్టుకోకండి. వానకాలంలో అదే మట్టి ఉబ్బుతుంది. ఆ ఉబ్బు మూడు, మూడున్నర మీటర్ల లోతు దాకా ఉండొచ్చు, అందుకే రేగడిలో ఇళ్లకు అంత లోతుకు అండర్ రీమ్డ్ పైల్స్, అంటే అడుగున ఉబ్బెత్తుగా ఉండే కాంక్రీటు స్తంభాలు దించుతారు.

ఇంట్లోనే చేసుకునే పరీక్ష ఒకటి ఉంది, ల్యాబుల్లో చేసేదీ ఇదే. మూడడుగుల లోతు నుంచి తీసిన మట్టి ఎండబెట్టి, పొడి చేసి, సన్నటి జల్లెడ పట్టండి. 10 గ్రాముల చొప్పున రెండు 100 మిల్లీలీటర్ల గీతల గాజు గొట్టాల్లో పోసి, ఒకదాంట్లో నీళ్లు, ఒకదాంట్లో కిరోసిన్ నింపి, గాలి బుడగలు పోయేదాకా కలిపి ఒక రోజంతా కదపకుండా వదిలేయండి. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు, నీళ్లలో ఉబ్బుతుంది. కిరోసిన్ గొట్టంలో మట్టి 8 గీతల దగ్గర, నీళ్ల గొట్టంలో 14 దగ్గర నిలిచిందనుకోండి, తేడా 6, అంటే కిరోసిన్ గొట్టంలోని 8తో పోలిస్తే 75 శాతం ఉబ్బు. 50 శాతం లోపుంటే ఊపిరి పీల్చుకోండి. దాటితే కింద చెప్పే పని మొత్తం చేయాలి. కిరోసిన్ ఇప్పుడు దొరకడం కష్టమే, రంగుల దుకాణంలో అడిగి చూడండి.

మీ సుతారి ఇసుక నింపుదాం అన్నాడు, కాకతీయులే ఇసుక మీద కట్టారు కదా అన్నాడట. రామప్ప గుడి ఇసుక పెట్టె పునాది మీద ఉన్న మాట నిజం. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో జాబితాకెక్కింది. మన వేయిస్తంభాల గుడి కింద కూడా ఇసుకే. కానీ వాళ్లు ఇసుకను గట్టి చట్రంలో బిగించి, చుట్టూ నీటి దారి ఆలోచించి, పైన వందల టన్నుల రాయి పేర్చారు. మీ సుతారి చెప్పేది నల్లరేగడిలో మూడడుగుల గుంత తీసి గోదావరి ఇసుక నింపడం. అప్పుడు ఆ గుంత ఏమవుతుంది? నల్లమట్టిలో నీళ్లు ఇంకవు, ఇసుకలో ఇంకుతాయి. కొట్టం పక్కన పడిన ప్రతి వాన చుక్కా, బోరు దగ్గర బట్టలుతికిన నీళ్లూ అన్నీ వచ్చి మీ భట్టీ కింద తొట్టిలో నిలబడతాయి. అక్కడి నుంచి చుట్టూ ఉన్న రేగడిని వానకాలం పోయాక కూడా తడుపుతూనే ఉంటాయి. రేగడిలో గుంత తీసి ఇసుక పోయడం కంటే ఏమీ చేయకపోవడమే మేలు.

పోయాల్సింది మొరం. కొంచెం జిగట ఉండి, ఉబ్బని ఎర్ర మొరం. భట్టీ కొలతకు నాలుగు పక్కలా రెండేసి అడుగులు ఎక్కువ తీసుకుని, అంటే 10 అడుగులకు 11, కనీసం మూడడుగులు తవ్వండి. అంతకంటే లోతు తవ్వగలిగితే ఇంకా మంచిది. మొరం ఆరంగుళాల చొప్పున పోయడం, నీళ్లు చిలకరించడం, దిమ్మిస కొట్టడం. మొత్తం ఒకేసారి ట్రాక్టరు తిరగేసి పైన నీళ్లు పెట్టి ‘కూర్చుంటుందిలే’ అనేవాళ్లను దగ్గరికి రానీయకండి. ఇప్పుడు చిన్న ప్లేట్ కంపాక్టర్లు కిరాయికి దొరుకుతున్నాయి, ఒక్క రోజు తెచ్చుకుంటే చాలు. మీ కొట్టం 12 అడుగుల వెడల్పే కాబట్టి తవ్వేటప్పుడు పాత గోడ పునాదులు జాగ్రత్త. గోడ పునాది లోతు కంటే కిందికి గోడకు ఆనుకుని తవ్వకూడదు. అక్కడ తవ్వకం వాలుగా తీసుకోండి, లేదంటే భట్టీని గోడకు దూరం జరపండి.

షాబాద్ బండలు తీసేయండి. వాటి కింద ఎక్కడో ఒకచోట డొల్ల ఉంటుంది. గునపం కర్రతో తట్టుతూ పోతే చప్పుడులోనే తెలుస్తుంది. ఆ బండలను పారేయకండి, కొట్టం చుట్టూ బయట పరచుకోవడానికి పనికొస్తాయి.

మొరం మీద 250 మైక్రాన్ల ప్లాస్టిక్ కాగితం, దాని మీద 1:4:8 (సిమెంటు, ఇసుక, కంకర పాళ్లు) బెడ్డు కాంక్రీటు నాలుగంగుళాలు, దాని మీద ఎం20 రకం కాంక్రీటుతో ఆరంగుళాల రాఫ్టు, అంటే భట్టీ మొత్తాన్ని మోసే ఒకే పలక. 10 ఎంఎం సలాక రెండు వైపులా ఆరంగుళాలకొకటి. రేగడి నేల అని తేలితే పైనా కిందా రెండు జాలీలు. ఈ రాఫ్టు కొట్టం గోడలకు ఎక్కడా తగలకూడదు. చుట్టూ అంగుళం సందు వదిలి తారు అట్ట పెట్టండి. కొట్టం దాని దారిన అది కదులుతుంది, భట్టీ దాని దారిన అది కదులుతుంది. రెండింటినీ కలిపి పోస్తే ముందు పగిలేది భట్టీయే.

నీళ్లకు ఇంకో మాట. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో నయీంనగర్ నాలా పొంగి హన్మకొండలో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. ఆ 2023 వానకే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు పడింది. మీ గల్లీలో అప్పుడు నీళ్లెంత ఎత్తు నిలబడ్డాయో ఇరుగుపొరుగును అడిగి, గోడ మీద గీత గీసుకుని, రాఫ్టు పైభాగం ఆ గీతకు పైన ఉండేలా చూసుకోండి. తడిసిన ఇన్సులేషన్ ఇన్సులేషన్ కాదు. అందులో నీళ్లుండగా గట్టిగా మంట పెడితే ఆవిరి పోయే దారి లేక పైన ఇటుకను పగలగొట్టుకుని వస్తుంది. కొట్టం చుట్టూ మూడడుగుల వెడల్పున బయటికి వాలు ఉండేలా గచ్చు చేయించండి, రేకుల నీళ్లు దానికవతల పడాలి. దగ్గర్లో వేపచెట్టు ఉంటే చెప్పండి, దాని వేళ్లు కూడా రేగడిలో తేమను పీల్చి ఒక పక్కే ముడుచుకునేలా చేస్తాయి.

ఇక నాకిష్టమైన భాగం, ఇన్సులేషన్. రాఫ్టు మీద రెండున్నర అడుగుల అరుగు గోడలు, మధ్యలో కట్టెలు ఆరబెట్టుకునే ఖాళీ, పైన ఐదంగుళాల స్లాబు. రొట్టెలు పెట్టే ఇటుక వరసను పరుపు అందాం, అది ఫైర్ బ్రిక్, మూడంగుళాలు. ఈ స్లాబుకూ పరుపుకూ మధ్య ఏముందన్నదే మీ కట్టెల ఖర్చును తేలుస్తుంది.

ఉజ్జాయింపు లెక్క చూడండి. పరుపు 300 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంది, స్లాబు కింద ఖాళీలో 40 ఉంది అనుకుందాం. మధ్యలో ఏమీ వేయకుండా ఫైర్ బ్రిక్ నేరుగా స్లాబు మీద కూర్చుంటే స్లాబు పైభాగం 230 డిగ్రీలకు చేరుతుంది. ప్రతి చదరపు మీటరు నుంచి ఒక కిలోవాట్ పైచిలుకు వేడి కిందికి కారిపోతుంది, అంటే వెయ్యి వాట్ల హీటర్ బోర్లించి పెట్టినట్టే. అదే మధ్యలో మూడంగుళాల కాల్షియం సిలికేట్ బోర్డు (వేడిని ఆపే తేలికైన గట్టి పలక) వేస్తే స్లాబు పైభాగం 80 డిగ్రీల లోపే ఉంటుంది, కారే వేడి ఐదో వంతుకు పడిపోతుంది. మీ లోపలి కొలత 4 అడుగులకు 5 అడుగులు. రోజంతా వేడిగా ఉంచే భట్టీలో 24 గంటలకు మిగిలేది 37 యూనిట్ల (కరెంటు బిల్లులో లెక్కే) వేడి. ఎండు కట్టె కిలోకు 4 యూనిట్లు, అందులో సగం పొగగొట్టంలో పోతుందనుకున్నా రోజుకు 18, 19 కిలోల కట్టె మిగులుతుంది. ఏడాదికి ఎన్ని ట్రాలీలో మీరే లెక్క వేసుకోండి.

కట్టె మిగలడం ఒకటైతే స్లాబు బతకడం ఇంకోటి. పొద్దున మంట జోరుగా ఉన్నప్పుడు పరుపు 450కి పోయి అక్కడే నిలిస్తే, ఇన్సులేషన్ లేని స్లాబు పైభాగం 340 దాటుతుంది. కాంక్రీటు 300 దాటాక బలం కోల్పోవడం మొదలెడుతుంది, 400-500 మధ్య సిమెంటులోని సున్నం భాగం నీరు వదిలేసి పొడి పొడి అవుతుంది. ‘భట్టీ స్లాబు కింద సలాక బయటపడింది, సిమెంటు దొంగతనం జరిగింది’ అంటుంటారు. చాలాసార్లు అక్కడ దొంగ నిప్పే.

ఏ సరుకు వేయాలి? నా మొదటి ఎంపిక కాల్షియం సిలికేట్ బోర్డే. నిప్పు పక్కన ఉంటుంది కాబట్టి 1000 డిగ్రీల రకం అడగండి, చౌకగా వచ్చే 650 రకం కూడా మూడంగుళాల ఇటుక కింద నడుస్తుంది. ఇది చదరపు మీటరుకు పదుల టన్నులు మోస్తుంది, మీ భట్టీ గోడల బరువు నాలుగైదు టన్నులకు మించదు. అందుకే గోడలను కూడా ఈ బోర్డు మీదే లేపండి. గోడలు నేరుగా స్లాబు మీద కూర్చుంటే వేడి ఆ దారిన దిగిపోతుంది. హైదరాబాద్‌లో రాణిగంజ్ వైపు ఇండస్ట్రియల్ ఇన్సులేషన్ అమ్మేవాళ్ల దగ్గర దొరుకుతుంది. తేవడం, దించడం జాగ్రత్త, వాన తగిలితే నీళ్లు పీల్చుకుంటుంది.

రెండోది ఇన్సులేషన్ ఇటుక. ఫైర్ బ్రిక్ చేతిలోకి తీసుకుంటే 4 కిలోలు, అదే కొలత ఇన్సులేషన్ ఇటుక కిలోన్నర ఉంటుంది. తేడా అంతా లోపలి గాలి రంధ్రాల్లోనే. రామప్ప శిఖరంలో నీళ్ల మీద తేలే ఇటుకలు వాడారని మనం గొప్పగా చెప్పుకుంటాం కదా, ఆ ఇటుక తేలికకూ ఈ ఇటుక వేడి ఆపడానికీ కారణం ఒక్కటే. షాపువాళ్లు రెండూ ‘ఫైర్ బ్రిక్కే’ అని ఇచ్చేస్తారు. పైన పరుపుకు బరువైనది, కింద తేలికైనది, తారుమారు చేయకండి. తేలికైనది పరుపుగా వేస్తే గరిటె రాపిడికే అరిగిపోతుంది.

మూడోది వర్మిక్యులైట్ (వేడికి పొంగి తేలికైన ఖనిజం) కాంక్రీటు. ఆరేడు పాళ్ల వర్మిక్యులైట్‌కు ఒక పాలు సిమెంటు, నీళ్లు పిడికిట్లో ముద్దయ్యేంతే. నాలుగైదు అంగుళాలు పోయాలి, బోర్డు కంటే వేడి ఎక్కువ వదులుతుంది కాబట్టి. చౌక, కానీ ఆరడానికి వారాలు పడుతుంది. మనవాళ్లకు అంత ఓపిక ఉండదు, అందుకే నేను పెద్దగా సలహా ఇవ్వను. ఏఏసీ బ్లాకు (లోపల గాలి బుడగలుండే తేలికైన సిమెంటు దిమ్మ) దీనికి కింద రెండో వరసగా పనికొస్తుంది, నేరుగా ఫైర్ బ్రిక్ కింద వద్దు.

సిరామిక్ ఉన్ని దుప్పటి కమాను పైన కప్పడానికి బ్రహ్మాండం. పరుపు కింద మాత్రం వద్దు, బరువుకు అణిగిపోతుంది. దాన్ని కోసేటప్పుడు మాస్కు, చేతులకు తొడుగులు తప్పనిసరి, ఆ నూలు ఊపిరితిత్తుల్లోకి పోతే మంచిది కాదు.

మనకు ఊరికే దొరికే సరుకు ఒకటుంది, ఊక బూడిద. సుల్తానాబాద్, పెద్దపల్లి వైపు మిల్లుల బాయిలర్ల నుంచి లారీల కొద్దీ బయటికి పోస్తారు. అందులో ఎక్కువ భాగం సిలికానే, తేలిక, వేడిని బాగా ఆపుతుంది. కమాను మీద, పక్క గోడల వెనక ఆరంగుళాల మందాన నింపుకోండి. నల్లగా ఉన్నది కాకుండా బూడిదరంగుకు, తెలుపుకు తిరిగినదే తెచ్చుకోండి, నల్లదాంట్లో కాలని బొగ్గు ఉంటుంది, తర్వాత కాలి కుంగుతుంది. పరుపు కింద ఇదీ వద్దు, బరువు మోయదు. నింపేటప్పుడు దుమ్ము లేస్తుంది, మాస్కు లేకుండా పనివాళ్లను దింపకండి.

పాత భట్టీ మేస్త్రీలు కొందరు పరుపు కింద ఇసుక, ఉప్పు, గాజు పెంకులు పరుస్తారు. అది వేడిని దాచుకుంటుంది, ఆపదు. రోజూ రాత్రీ పగలూ మండే పెద్ద బేకరీకి అది సరే. వారానికి మూడు రోజులు మండించే మీకు, ఆ గాజు పెంకులను వేడెక్కించడానికే సగం కట్టె అయిపోతుంది.

ఇంకో ఆశ కూడా చూశాను మీ ప్రశ్నలో, కరీంనగర్ గ్రానైట్ ముక్కలు చవగ్గా వస్తున్నాయి, పరుపుకు వేయొచ్చా అని. వద్దు. గ్రానైట్‌లో స్ఫటికం ఉంటుంది, అది 573 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా ఉబ్బుతుంది. అంత దాకా పోకముందే, ఒక పక్క మంట, ఒక పక్క చల్లటి పిండి తగిలి, పెచ్చులు లేస్తుంది. బన్నులో రాతి పెచ్చు వచ్చిందని కస్టమర్ తెచ్చి చూపిస్తే ఆ రోజుతో దుకాణం బంద్. ఫ్లై యాష్ ఇటుకలు అరుగు గోడలకు వాడుకోండి, నిప్పు దగ్గరికి తేకండి.

పరుపు ఇటుకలను సిమెంటుతో అతికించకండి. బోర్డు మీద సన్నటి ఇసుక, ఫైర్ క్లే (నిప్పును తట్టుకునే బంకమట్టి) కలిపిన పొడి పొర పావంగుళం పరిచి, దాని మీద ఇటుకలు ఒత్తుగా పేర్చడమే. రేపు ఒకటి పగిలితే అదొక్కటే తీసి మార్చుకోవచ్చు. మూతి దగ్గర గడప రాయి లోపలి పరుపుకు తగలకుండా అరంగుళం సందు వదిలి సిరామిక్ ఉన్ని తాడు కూరండి, లేకపోతే ఆ రాయి గుండా వేడంతా బయటికి లాగేస్తుంది.

కప్పు సంగతి త్వరగా: పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. పొగగొట్టం కోసం దాన్ని సుత్తితో పగలగొట్టకండి, ఆ ఒక్క రేకు బోల్టులు విప్పి తీసి జీఐ రేకు వేసుకుని దానికి రంధ్రం చేయండి. తీసిన రేకును తడిపి ముక్కలు కాకుండా దింపించండి. గాలి వచ్చే దారి రెండు పక్కలా ఉండాలి, నిప్పు కణికలున్నప్పుడు తలుపులు మూసి లోపల ఎవరూ పడుకోకూడదు.

ఇదంతా చదివి ‘ఎలక్ట్రిక్ డెక్ ఓవెన్ కొంటే పోలా’ అనిపిస్తే, అదీ తప్పు ఆలోచన కాదు. దాని ఇన్సులేషన్ కంపెనీవాళ్లే లోపల ఇచ్చేస్తారు, కింద ఏమీ వేయనక్కరలేదు. బరువు నాలుగు కాళ్ల మీదే పడుతుంది కాబట్టి ఒక్కో కాలు కింద ఆరంగుళాల చదరపు ఇనుప పలక, గట్టి కాంక్రీటు నేల ఉంటే చాలు. అయితే త్రీ ఫేజ్ కనెక్షన్ చూసుకోవాలి.

కట్టెల భట్టీయే అనుకుంటే మొదటి మంటకు తొందరపడకండి. కాంక్రీటు, మట్టి, ఇటుక అన్నిటా నీళ్లుంటాయి. కట్టాక మూడు నాలుగు వారాలు ఊరికే ఆరనివ్వండి, తర్వాత వారం పాటు రోజూ చిన్న మంటలే, మొదటి రోజు పుల్లలతో, చెయ్యి పెట్టగలిగేంత వేడి. రోజురోజుకూ 40, 50 డిగ్రీలు పెంచుకుంటూ పోవాలి. గోడల మీద తడి మచ్చలు కనిపిస్తుంటే ఆ రోజు అక్కడే ఆగండి. వానకాలంలో నెల రోజులు ఆపి మళ్లీ మొదలెట్టినప్పుడు కూడా రెండు రోజులు ఇలాగే చేయాలి.

కట్టేటప్పుడే ఒక చిన్న పని. స్లాబుకూ బోర్డుకూ మధ్య, పక్క నుంచి నడిమిట్ల దాకా, సన్నటి ఇనుప గొట్టం ఒకటి పెట్టేయండి. అందులోకి కె టైపు థర్మోకపుల్ తీగ (వేడిని కొలిచే తీగ) దూరుస్తూ ఎప్పుడైనా వేడి చూసుకోవచ్చు. అక్కడ 100 లోపు చూపిస్తున్నంత కాలం మీ స్లాబు క్షేమం. ఒక వానకాలం తర్వాత అదే మంటకు అది ఎక్కువ చూపించడం మొదలెడితే బోర్డులోకి తేమ చేరిందనో, ఇటుకల మధ్య సందు పడిందనో అర్థం. పైకి ఏమీ కనిపించకముందే మీకు తెలిసిపోతుంది.

కిరోసిన్ పరీక్ష చేసి రెండు గొట్టాల్లో ఎన్ని గీతలు వచ్చాయో ఇక్కడే పెట్టండి, కొట్టం గోడల పునాది లోతు కూడా ఒక మూల తవ్వి చూసి చెప్పండి. అది చూశాక తవ్వకం ఎంత, సలాక ఒక జాలీనా రెండా అన్నది ఖాయం చేద్దాం. అప్పటిదాకా ఇసుక ట్రాక్టరు ఆపించండి.